ముగ్గురాయి మీద నీటి అణువును తిప్పితే రెండు హైడ్రోజన్లూ ఒకేచోటికి ఎందుకొచ్చాయి?

తమ్ముడూ, ముందు నువ్వు అడిగింది క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్ళకు కూడా తలా తోకా తెలియాలి కదా. కడపలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు. మన మంగంపేట ముగ్గురాయి ఉంది చూడు, అదే బెరైట్, బేరియం సల్ఫేట్, దాని ఉపరితలం మీద ఒక్క నీటి అణువును పెట్టి, అది ఏ దిక్కుకు తిరిగి ఉంటే గట్టిగా అతుక్కుంటుందో లెక్క కట్టాలి. ఉపరితలం ముక్కను 17.76 × 16.38 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యికోట్లో వంతు) పెట్టెలో తయారు చేసుకున్నావు. బేరియం ఒకటి (12.40, 8.10, 18.70) దగ్గర ఉంది, దానికి సరిగ్గా 2.80 పైన నీటి ఆక్సిజన్ని (12.40, 8.10, 21.50) దగ్గర పెట్టావు. హైడ్రోజన్లు (13.157, 8.686, 21.50), (11.643, 8.686, 21.50). జెడ్ అక్షం చుట్టూ 90 డిగ్రీలు తిప్పమని పైథాన్‌లో రాస్తే ఆక్సిజన్ (−8.10, −8.10, 21.50)కి పోయింది, హైడ్రోజన్లు రెండూ (−8.686, −8.686, 21.50) దగ్గరే కూర్చున్నాయి. బొమ్మలో ఒక్క హైడ్రోజనే కనిపిస్తోంది, ఆక్సిజన్–హైడ్రోజన్ దూరం 0.829 వస్తోంది. మ్యాట్రిక్స్ తప్పా, సాఫ్ట్‌వేర్ తప్పా అని అడిగావు. తర్వాత ఓలియేట్ అనే పొడవాటి కొవ్వు ఆమ్లపు అణువును కూడా ఇలాగే తిప్పాలని చివర్లో రాశావు, దాని సంగతి కూడా చివర్లోనే చూద్దాం.

రెండూ తప్పు కాదు. మ్యాట్రిక్స్ బాగానే ఉంది, సాఫ్ట్‌వేర్ నువ్వు ఇచ్చింది ఇచ్చినట్టు చూపించింది. వాడిన తీరులో రెండు వేర్వేరు తప్పులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, అందుకే ఎటు నుంచి చూసినా అర్థం కాలేదు.

నీ అవుట్‌పుట్‌నే ఇంకోసారి చూడు. ఆక్సిజన్‌కి ఎక్స్, వై రెండూ −8.10. హైడ్రోజన్లకి రెండూ −8.686. మూడు పరమాణువులకూ ఎక్స్, వై ఒకటే అయ్యాయంటే అది యాదృచ్ఛికం కాదు, అక్కడే దొంగ దొరికాడు. జెడ్ చుట్టూ తిప్పే మ్యాట్రిక్స్ ఇది:

కాస్ తీటా, −సైన్ తీటా, 0
సైన్ తీటా, కాస్ తీటా, 0
0, 0, 1

దీన్ని విడదీసి రాస్తే:

కొత్త ఎక్స్ = ఎక్స్ × కాస్ తీటా − వై × సైన్ తీటా
కొత్త వై = ఎక్స్ × సైన్ తీటా + వై × కాస్ తీటా
కొత్త జెడ్ = జెడ్

రెండో లైన్లో ఉన్న ఎక్స్ పాత ఎక్స్. నువ్వేమో మొదటి లైన్లో వచ్చిన కొత్త విలువను మళ్ళీ అదే ఎక్స్ అనే పేరులో వేసేశావు, రెండో లైన్‌కి వచ్చేసరికి పాత ఎక్స్ లేదు, దాని చోట కొత్తది కూర్చుని ఉంది. 90 డిగ్రీలకు కాస్ సున్నా, సైన్ ఒకటి. అంటే కొత్త ఎక్స్ = −వై. సరే. తర్వాత కొత్త వై = ఎక్స్, కానీ ఆ ఎక్స్ ఇప్పుడు −వై. అందుకే రెండూ ఒకటే అయ్యాయి. నీ రెండు హైడ్రోజన్లకీ వై విలువ 8.686 కాబట్టి, వాటి మధ్య ఉన్న ఒకే ఒక్క తేడా, అంటే ఎక్స్‌లో ఉన్న తేడా, తుడిచిపెట్టుకుపోయి రెండూ ఒకచోట పడ్డాయి. ఆ 0.829 కూడా గాలిలోంచి రాలేదు, 0.586ని రూట్ 2తో గుణిస్తే వచ్చేది అదే.

ఇది 90 డిగ్రీలు కాబట్టి ఇంత కొట్టొచ్చినట్టు కనిపించింది. నువ్వు 5 డిగ్రీలతో మొదలుపెట్టి ఉంటే బంధం కొంచెం మారి ఊరుకునేది, హైడ్రోజన్లు రెండూ కనిపించేవి, ఆ తప్పుతోనే ప్రాజెక్టు రిపోర్టు బైండింగ్‌కి కూడా వెళ్ళిపోయేది. పరిష్కారం చిన్నదే, కొత్త విలువలకు వేరే పేర్లు పెట్టు, లేదా ఎక్స్, వై, జెడ్ విడివిడిగా రాయడం మానేసి నంపైలో (పైథాన్‌లో సంఖ్యల పట్టికలతో లెక్కలు చేసే లైబ్రరీ) మూడు నిలువు వరుసల పట్టికగా పెట్టుకుని ఒకే గుణకారంలో తిప్పేయి. రెండోదే మేలు, అక్కడ ఈ తప్పు చేయాలన్నా కుదరదు.

ఇప్పుడు రెండో తప్పు. మొదటిది సరిచేశాక కూడా నీ అణువు పెట్టెలో ఉండదు. లెక్క వేసి చూడు, ఆక్సిజన్ (−8.10, 12.40, 21.50)కి పోతుంది. బేరియం మీద కూర్చోవాల్సింది పెట్టె గోడ దాటి బయట ఎక్కడో తేలుతుంది. ఎందుకంటే ఆ మ్యాట్రిక్స్‌కి అణువు అంటే ఏమిటో తెలియదు, దాని మధ్య ఎక్కడుందో తెలియదు. దానికి తెలిసింది ఒక్క మూలబిందువే. ఎవర్ని తెచ్చి ఇచ్చినా (0, 0, 0) చుట్టూనే తిప్పుతుంది. గానుగెద్దును తలచుకో, ఎద్దు తన చుట్టూ తాను తిరగడం లేదు, నడుమ ఉన్న రోటి చుట్టూ తిరుగుతోంది, ఆ తిరగడంలో దాని ముఖం కూడా దిక్కు మారుతోంది. నీ అణువుకి జరిగింది అదే. దిక్కు మారింది, దాంతోపాటు చోటూ మారింది. నీకు కావాల్సింది దిక్కు మారడం ఒక్కటే.

కాబట్టి వరస ఇది: ముందు నువ్వు ఏ బిందువు చుట్టూ తిప్పాలనుకుంటున్నావో దాన్ని అన్ని పరమాణువుల నుంచి తీసెయ్యి, అది మూలబిందువుకి వస్తుంది. అప్పుడు తిప్పు. తర్వాత తీసేసిన బిందువును మళ్ళీ కలుపు. నీ లెక్కలో ఆక్సిజన్ని తీసేస్తే హైడ్రోజన్లు (0.757, 0.586, 0), (−0.757, 0.586, 0) అవుతాయి. 90 తిప్పితే (−0.586, 0.757, 0), (−0.586, −0.757, 0). ఆక్సిజన్ని తిరిగి కలిపితే (11.814, 8.857, 21.50), (11.814, 7.343, 21.50). ఆక్సిజన్ ఉన్నచోటే ఉంది. ఆక్సిజన్–హైడ్రోజన్ దూరం 0.957, రెండు హైడ్రోజన్ల మధ్య దూరం 1.514, ముందూ అంతే, తర్వాతా అంతే.

ఏ బిందువు చుట్టూ అనేది చాలామంది ఆలోచించకుండా ద్రవ్యరాశి కేంద్రం అని రాసేస్తారు, ట్యుటోరియల్స్‌లో అలా ఉంటుంది కాబట్టి. నీ పనికి అది సరిపోదు. నీటి ద్రవ్యరాశి కేంద్రం ఆక్సిజన్ నుంచి 0.066 ఆంగ్‌స్ట్రామ్‌లే దూరం, నిజమే, కానీ దాని చుట్టూ 90 తిప్పితే ఆక్సిజన్ దాదాపు 0.09 పక్కకు జరుగుతుంది. నువ్వు చూడాలనుకున్నది బేరియం–ఆక్సిజన్ దూరాన్ని అలాగే ఉంచి దిక్కు మాత్రం మార్చితే శక్తి ఎంత మారుతుందని. అప్పుడు ఆక్సిజనే కదలకూడని బిందువు. అదే ద్రవంలో అణువు స్వేచ్ఛగా దొర్లడాన్ని లెక్కగడుతుంటే ద్రవ్యరాశి కేంద్రమే సరైనది. ప్రశ్న ఏమిటో దాన్ని బట్టి కేంద్రం.

ఇంకొకటి, నువ్వు అడగలేదు కానీ అడగాల్సింది. నీ అణువు మూడు పరమాణువులకూ జెడ్ 21.50, అంటే అది ఉపరితలానికి సమాంతరంగా పడుకుని ఉంది. జెడ్ చుట్టూ ఎంత తిప్పినా అలా పడుకునే తిరుగుతుంది. బేరియం ధనాత్మకం, దానికి నీటి ఆక్సిజన్ ఎదురుగా ఉండటం ఇష్టం. సల్ఫేట్‌లో ఉన్న ఆక్సిజన్లకేమో హైడ్రోజన్లు కావాలి. ఈ రెండు అమరికలూ చూడాలంటే ఎక్స్ అక్షం చుట్టూ తిప్పాలి. +90 తిప్పితే వై దిక్కులో ఉన్నది జెడ్ దిక్కుకు లేస్తుంది, హైడ్రోజన్లు (0.757, 0, 0.586), (−0.757, 0, 0.586) అవుతాయి, అంటే ఆక్సిజన్ కింద, హైడ్రోజన్లు పైన. −90 తిప్పితే జెడ్ −0.586, హైడ్రోజన్లు కిందికి. ఏది ప్లస్, ఏది మైనస్ అని సందేహం వస్తే కుడిచేతి బొటనవేలు అక్షం వెంబడి పెట్టి మిగతా వేళ్ళు ఎటు ముడుచుకుంటున్నాయో చూడు, అది ప్లస్. ల్యాబ్‌లో అందరి ముందూ చేయడానికి సిగ్గేమీ పడొద్దు, అందరూ చేసేదే.

ఎక్స్ చుట్టూ, జెడ్ చుట్టూ రెండూ తిప్పాల్సి వస్తే ఏది ముందో రాసిపెట్టుకో. (0, 0, 1) బిందువును తీసుకుని ముందు ఎక్స్ చుట్టూ 90, తర్వాత జెడ్ చుట్టూ 90 తిప్పితే (1, 0, 0)కి చేరుతుంది. ముందు జెడ్, తర్వాత ఎక్స్ అయితే (0, −1, 0)కి. అవే కోణాలు, అవే అక్షాలు, చేరిన చోటు వేరు. మ్యాట్రిక్స్‌లు గుణించేటప్పుడు ముందు జరగాల్సింది కుడివైపు ఉండాలి, బిందువుకి దగ్గరగా.

ఈ మాట అనగానే ఇంకో చిక్కు వస్తుంది. పుస్తకాల్లో బిందువును నిలువుగా రాస్తారు, మ్యాట్రిక్స్ ఎడమవైపు ఉంటుంది. నంపైలో నీ పట్టికలో ఒక్కో పరమాణువు ఒక్కో అడ్డ వరుస. అప్పుడు మ్యాట్రిక్స్‌ని కుడివైపు పెట్టి, దాని ట్రాన్స్‌పోజ్‌తో, అంటే అడ్డ వరుసలను నిలువు వరుసలుగా మార్చినదానితో, గుణించాలి. ట్రాన్స్‌పోజ్ మర్చిపోతే ఎర్రర్ రాదు, బంధాలు చెడవు, అణువు చక్కగా ఉంటుంది, కాకపోతే +90కి బదులు −90 తిరుగుతుంది. తిప్పే మ్యాట్రిక్స్‌కి ట్రాన్స్‌పోజే విలోమం కాబట్టి అలా అవుతుంది. నీ మొదటి హైడ్రోజన్ (−0.586, 0.757)కి బదులు (0.586, −0.757)కి పోతుంది. పైన నేను చెప్పిన ఎక్స్ చుట్టూ తిప్పడంలో ఇది జరిగిందంటే, హైడ్రోజన్లు పైకి ఉన్న అమరిక అని నువ్వు రాసుకున్నది నిజానికి కిందికి ఉన్నది అవుతుంది, నీ ఫలితం పూర్తిగా తలకిందులు.

రేడియన్ల గొడవ కూడా ఇలాంటిదే. నంపైలో సైన్, కాస్ రేడియన్లు అడుగుతాయి. నువ్వు సరిగ్గానే మార్చావు, నీ అవుట్‌పుట్ చూస్తేనే తెలుస్తోంది. కానీ నీ జూనియర్లకు చెప్పు, నేరుగా 90 అని ఇస్తే అది 90 రేడియన్లు, అంటే 14 పూర్తి చుట్లు తిరిగి ఆపైన 116.6 డిగ్రీలు. అణువు చెక్కుచెదరదు, కోణం ఒక్కటే అబద్ధం.

అందుకే నేను ఎవరికి చెప్పినా బొమ్మ చూసి నమ్మొద్దంటాను. బొమ్మలో నీటి అణువు ఎటు తిరిగినా నీటి అణువులాగే ఉంటుంది. తిప్పాక అన్ని జతల మధ్య దూరాలు లెక్కగట్టి, తిప్పకముందు దూరాలతో పోల్చు, తేడా పదో దశాంశ స్థానం దగ్గర కూడా కనిపించకూడదు. ఫైల్లోకి రాయకముందే, ప్రోగ్రాంలో ఉండగానే పోల్చాలి సుమా. నీ మొదటి తప్పు ఈ ఒక్క పరీక్షతో బయటపడేది. అయితే రేడియన్, ట్రాన్స్‌పోజ్ తప్పులు దీనికి దొరకవు, వాటికి తెలిసిన బిందువు ఒకటి వేసి చూడాలి: జెడ్ చుట్టూ +90 తిప్పితే (1, 0, 0) కచ్చితంగా (0, 1, 0)కి రావాలి. (0, −1, 0) వచ్చిందంటే ట్రాన్స్‌పోజ్, ఏదో చిల్లర సంఖ్య వచ్చిందంటే రేడియన్.

ఈ రెండు పరీక్షల్లోనూ నెగ్గి తప్పించుకునే దొంగ ఇంకొకడున్నాడు, అద్దం. ఎక్కడైనా రెండు నిలువు వరుసలు తారుమారైనా, ఒక నిలువు వరుస మొత్తానికి గుర్తు మారినా, నీ మ్యాట్రిక్స్ తిప్పడం కాకుండా అద్దంలో ప్రతిబింబం చూపించేది అవుతుంది. దూరాలన్నీ అలాగే ఉంటాయి. నీటికి తేడా తెలియదు, దాని ప్రతిబింబం కూడా నీరే. కానీ అలనిన్ లాంటిది పెట్టి చూడు, ఎల్ రూపం వెళ్ళి డి రూపం వస్తుంది, అది వేరే అణువు. దీనికి మందు డిటర్మినెంట్, మ్యాట్రిక్స్ నుంచి లెక్కగట్టే ఒకే ఒక్క సంఖ్య: +1 అయితే తిప్పడం, −1 అయితే అద్దం. ఒక అణువును ఇంకో దాని మీద వీలైనంత దగ్గరగా కూర్చోబెట్టడానికి అందరూ వాడే కాబ్ష్ పద్ధతి ఉంది, 1976లో వోల్ఫ్‌గాంగ్ కాబ్ష్ ప్రచురించింది. దాన్ని సొంతంగా రాసుకునేవాళ్ళు ఎక్కువగా జారిపడేది ఈ గుర్తు దగ్గరే. డిటర్మినెంట్ మైనస్ వస్తే ఒక నిలువు వరుస గుర్తు మార్చాలి, ఆ ఒక్క లైను వదిలేస్తే చాలు, ప్రోగ్రాం ఎంచక్కా ప్రతిబింబాన్ని తెచ్చి బాగా కుదిరింది అని చెబుతుంది.

ఇప్పుడు నీ ముగ్గురాయికి ప్రత్యేకంగా వచ్చే ప్రమాదం. నీ ఉపరితలం ఫైల్లో స్థానాలు ఆంగ్‌స్ట్రామ్‌లలో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. చాలా క్రిస్టల్ ఫైళ్ళలో అవి భిన్నాల్లో ఉంటాయి, పెట్టె పొడవులో ఎన్నో వంతు అని. నీ ఆక్సిజన్ అయితే అక్కడ (0.698, 0.495) అని కనిపిస్తుంది. బెరైట్ యూనిట్ సెల్‌లో (పదేపదే పేరిస్తే క్రిస్టల్ అంతా వచ్చే చిన్న పెట్టె) మూడు కోణాలూ 90 డిగ్రీలే కదా, భిన్నాల మీదే తిప్పేస్తే ఏం పోయింది అనుకుంటారు. పోతుంది. కోణాలు 90 అయినా భుజాలు సమానం కాదు. బెరైట్ సెల్ భుజాలు దాదాపు 8.88, 5.46, 7.16 ఆంగ్‌స్ట్రామ్‌లు, నువ్వు మొదటిదాన్ని రెండు రెట్లు, రెండోదాన్ని మూడు రెట్లు చేసి 17.76, 16.38 తెచ్చుకున్నావు. భిన్నాల్లో 90 తిప్పి మళ్ళీ ఆంగ్‌స్ట్రామ్‌లకు మారిస్తే నీ హైడ్రోజన్ (−0.635, 0.698)కి వస్తుంది. దూరం ఎంతో తెలుసా, 0.944. ఉండాల్సింది 0.957. చూసినవాళ్ళెవరికీ అనుమానం రాదు, నీటికి అలాంటి విలువలు రకరకాల లెక్కల్లో వస్తుంటాయి. కానీ నీటి కోణం 104.5 నుంచి 95.4కి పడిపోయి ఉంటుంది. 0.829 వచ్చినందుకు నువ్వు సంతోషించాలి, అది అరిచి చెప్పింది. ఈ 0.944 నోరు మెదపదు.

ఇక మీ ఊరి కడప బండల్లో ఉండేది సున్నపురాయి, అందులో ముఖ్య ఖనిజం కాల్సైట్. మీ బ్యాచ్‌లో ఎవరైనా దాని మీద పనిచేస్తుంటే వాళ్ళకి ఇంకా జాగ్రత్త కావాలి. కాల్సైట్‌ని మామూలుగా రాసే షట్కోణ సెల్‌లో ఒక కోణం 120 డిగ్రీలు, అక్షాలే వంకరగా ఉన్నాయి. ముందు భిన్నాల నుంచి ఆంగ్‌స్ట్రామ్‌లకు మార్చు, అక్కడ తిప్పు, జరుపు, కావాలంటే మళ్ళీ భిన్నాలకు వెళ్ళు. సెల్ ఏదైనా సరే, ఈ వరస మార్చొద్దు.

పెట్టె అంటే ఇంకో సంగతి. నీ పెట్టె నాలుగు పక్కలా పునరావృతం అవుతుంది. అణువు గోడ దగ్గర ఉంటే కొన్ని ప్రోగ్రాంలు గోడ దాటిన హైడ్రోజన్ని తీసి అటు చివర పెడతాయి, ఆక్సిజన్ 17.5 దగ్గర, హైడ్రోజన్ 0.4 దగ్గర అన్నట్టు. లెక్కకు అది పక్కనే ఉన్నట్టు లెక్క, కానీ నీ మ్యాట్రిక్స్‌కి అది 17 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరం. అలాగే తిప్పితే హైడ్రోజన్ పెద్ద వలయం వేసి ఎక్కడికో పోతుంది. ముందు అణువును అతికించి, తిప్పి, ఆ తర్వాత కావాలంటే పెట్టెలోకి మడతపెట్టు. నువ్వు గోడలకు దూరంగా పెట్టావు కాబట్టి ప్రస్తుతానికి ఈ టెన్షన్ లేదు.

10 డిగ్రీలకొకటి చొప్పున అమరికలు తయారు చేయాలన్నావు. ప్రతిసారీ మొదటి ఫైల్ నుంచే మొదలుపెట్టు: 10, 20, 30 అని. తిప్పిన ఫైల్‌ని మళ్ళీ చదివి ఇంకో 10 తిప్పడం పెట్టుకోవద్దు. పీడీబీ ఫైళ్ళలో (అణువుల స్థానాలు రాసే ఒక ఫైల్ పద్ధతి) స్థానానికి మూడు దశాంశాలే రాస్తారు, రాసిన ప్రతిసారీ కొంచెం కోత పడుతుంది, 36 సార్లు రాసి చదివితే ఆ కోతలన్నీ పోగవుతాయి. ఇంకా, పరమాణువులతో పాటు బలాలు, వేగాలు కూడా ఫైల్లో ఉంటే వాటినీ తిప్పాలి, కానీ జరపకూడదు. స్థానం పక్కకు పోయినంత మాత్రాన బలం మారదు. ఆ 12.40ని తీసుకెళ్ళి వేగానికి కలిపినవాళ్ళని చూశాను, అణువు రాకెట్‌లా పోయింది.

అక్షాలు మూడే కాదు, ఏ దిక్కు చుట్టూ అయినా తిప్పొచ్చు. దానికి ఓలిండ్ రోడ్రిగ్స్ 1840లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ అందరికన్నా సులువు. అక్షం వెంబడి ఒక యూనిట్ పొడవు వెక్టర్ తీసుకో, దాన్ని కె అందాం, పరమాణువు స్థానం వి. తిప్పిన స్థానం మూడు ముక్కల మొత్తం: వి ఇంటూ కాస్ తీటా, కె క్రాస్ వి ఇంటూ సైన్ తీటా, కె ఇంటూ కె డాట్ వి ఇంటూ (1 − కాస్ తీటా). కె పొడవు కచ్చితంగా ఒకటే ఉండాలి, లేకపోతే అణువు సాగిపోతుంది. ఆయిలర్ కోణాలు, అంటే అక్షాల చుట్టూ వరసగా తిప్పే మూడు కోణాలు, వాడమని కొందరు చెబుతారు. నా మట్టుకు నేను వాడను, ఎవరినీ వాడమనను కూడా. అక్షాల వరసను పన్నెండు రకాలుగా ఎంచుకోవచ్చు, ఒక పుస్తకం ఒకటి, ఒక ప్రోగ్రాం ఇంకొకటి, ఇవి కలవక పోయే సమయం అంతా ఇంతా కాదు. యాదృచ్ఛికంగా దిక్కులు కావాలన్నా అంతే, మూడు ఆయిలర్ కోణాలను ఇష్టం వచ్చినట్టు ఎంచుకుంటే దిక్కులు సమంగా రావు, ధ్రువాల దగ్గర గుంపు కడతాయి. నార్మల్ పంపిణీ నుంచి నాలుగు సంఖ్యలు తీసుకుని, వాటి మొత్తం పొడవు ఒకటి చేసి, దాన్ని క్వాటర్నియన్‌గా (తిప్పడాన్ని నాలుగు సంఖ్యలతో రాసే పద్ధతి) వాడితే సమంగా వస్తాయి.

నీటి ద్విధ్రువాన్ని ఒక నిర్దిష్ట దిక్కుకు తిప్పాలంటే, ఉన్న దిక్కు, కావాల్సిన దిక్కు, రెండింటి క్రాస్ ప్రాడక్టే అక్షం. కోణానికి డాట్ ప్రాడక్ట్ తీసుకుని విలోమ కాస్ వేయొద్దు, ఎప్పుడో ఒకసారి 1.0000000002 వచ్చి సమాధానం నాన్, అంటే సంఖ్యే కాదు, అని పడుతుంది. క్రాస్ ప్రాడక్ట్ పొడవు, డాట్ ప్రాడక్ట్, రెండూ ఇచ్చి ఆర్క్‌టాన్2 వాడు. దిక్కులు సరిగ్గా ఎదురెదురుగా ఉంటే క్రాస్ ప్రాడక్ట్ సున్నా, అక్షమే ఉండదు, అప్పుడు లంబంగా ఉన్న ఏదో ఒక అక్షం తీసుకుని 180 తిప్పెయ్యి. 4 × 4 మ్యాట్రిక్స్‌లో తిప్పడం, జరపడం రెండూ కలిపి రాయొచ్చు, అందంగా ఉంటుంది, కానీ ఒక్క అణువుకి అంత అవసరం లేదు, తప్పెక్కడుందో వెతకడం కష్టమవుతుంది.

ఇక ఓలియేట్. ముగ్గురాయిని మిగతా మట్టి నుంచి నురగ మీద తేల్చి వేరు చేయడానికి దాన్ని వాడతారు కాబట్టి మీ గైడ్ అడిగిందాంట్లో అర్థం ఉంది. ఇక్కడ అణువు మొత్తాన్ని తిప్పితే చాలదు, పొడవాటి గొలుసు, 18 కార్బన్లు, ఒక్కో బంధం దగ్గర మెలితిప్పాలి. పద్ధతి పైన చెప్పిందే. బంధంలో ఒక కార్బన్ని మూలబిందువుకి తెచ్చుకో, అక్కడి నుంచి రెండో కార్బన్ దిక్కే కె, రోడ్రిగ్స్ సూత్రం వెయ్యి, ఆపైన వెనక్కి జరుపు. తేడా అంతా ఎవరిని తిప్పాలి అనేదాంట్లో ఉంది: బంధానికి అవతలి వైపు ఉన్న పరమాణువులను మాత్రమే తిప్పాలి, ఇవతలివి కదలకూడదు. కాబట్టి ఏ పరమాణువు దేనికి అతుక్కుందో పట్టిక ముందుగా కావాలి. ఆ బంధాన్ని పట్టికలో తెంపి, రెండో కార్బన్ నుంచి మొదలుపెట్టి చేరుకోగలిగినవన్నీ ఒక పక్క. అలా వెళుతూ మొదటి కార్బన్‌కే తిరిగి వచ్చేస్తే అది వలయం, ఆ బంధం దగ్గర మెలితిప్పడం కుదరదు. ఓలియేట్‌లో వలయాలు లేవు, నీ అదృష్టం. ప్రోటీన్ గొలుసులో ఇలాంటి రెండు కోణాలు, ఫై, సై, ఏ విలువల్లో ఉంటే పరమాణువులు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఉంటాయో 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ లెక్కగట్టి పటం గీశారు, ఈనాడు ప్రతి ప్రోటీన్ నిర్మాణాన్నీ దాని మీద పెట్టి సరిచూస్తారు.

మెలితిప్పేటప్పుడు దూరాల పరీక్ష కొంచెం మారుతుంది. అన్ని జతల దూరాలూ అలాగే ఉండవు, ఉండకూడదు కూడా, ఆకారం మారుతోంది కదా. బంధాల పొడవులు, పక్కపక్క బంధాల మధ్య కోణాలు మాత్రం మారకూడదు, వాటినే పోల్చు. పైగా, దూరంగా ఉన్నవి ఏవైనా ఒకదాని మీదకి ఒకటి వచ్చాయేమో విడిగా చూడు. హైడ్రోజన్ల మధ్య 2 ఆంగ్‌స్ట్రామ్‌ల కన్నా బాగా తక్కువ వచ్చిందంటే ఆ అమరికను పక్కన పెట్టు.

తొమ్మిదో కార్బన్‌కీ పదో కార్బన్‌కీ మధ్య ఉన్నది ద్విబంధం, అది సిస్, అంటే గొలుసు రెండు ముక్కలూ బంధానికి ఒకే పక్క ఉంటాయి, ట్రాన్స్ అయితే ఎదురెదురు పక్కల. నీ ప్రోగ్రాం దాన్ని కూడా మామూలు బంధంలా పట్టుకుని 180 తిప్పేస్తే ట్రాన్స్ అవుతుంది, అప్పుడు నీ దగ్గరున్నది ఓలియేట్ కాదు, ఎలైడేట్. బంధాల పొడవులన్నీ సరిగ్గానే ఉంటాయి, కోణాలూ ఉంటాయి, డిటర్మినెంట్ కూడా +1 చూపిస్తుంది, గొలుసు మాత్రం మధ్యలో వంగాల్సింది తిన్నగా సాగుతుంది. తిప్పొచ్చిన బంధాల జాబితాలోంచి ఆ ఒక్కదాన్ని చేత్తో తీసెయ్యి. కార్బాక్సిలేట్ తల దగ్గర ఉన్న కార్బన్ని కేంద్రంగా పెట్టుకుని ముందు మొత్తం అణువును నిలబెట్టు, తల కిందికి, తోక పైకి, ఆ తర్వాతే ఒక్కో బంధం మెలితిప్పడం మొదలుపెట్టు. ఫైల్ తయారయ్యాక పరమాణువుల లైన్లు ఇక్కడ పెట్టు, చూసి చెబుతాను.